బాపు చేతివేళ్లు

పాతబస్తీలో మా సందు చివర కొట్టంలో ఆరు బర్రెలుండేవి. ఛత్రినాక దాకా పాలు పోసేవాళ్లం. ఆ జాగా మీద కార్పొరేటర్ కన్ను పడింది. ఫంక్షన్ హాల్ కట్టాలట వాడికి. బాపు అమ్మనన్నాడు.

ఓ పొద్దున వాడే వచ్చాడు. చాయ్ పోశాను. "ఈ ముసలి ఉమర్‌ల బాపును ఎందుకు కష్టపెడుతున్నవ్ బిడ్డా? పాలు నువ్వే పిండొచ్చు గద?" అన్నాడు. నాకప్పుడు ఇరవై రెండేళ్లు. బాపు గొప్ప చెప్పుకోవడమంటే పిచ్చి.

"మా బర్రెలు గట్ల ఊకోవన్నా. బాపు చెయ్యి తప్ప వేరే చెయ్యి ఆనిందంటే తంతయి. చుక్క పాలియ్యయి" అన్నాను. పాలోళ్ల ఇంట్లో ఇంతకు మించిన గొప్ప లేదు.

"గట్లనా" అన్నాడు వాడు. చాయ్ మస్తుందని కూడా అన్నాడు, వాడి నోట్లో మన్ను పడ.

నాలుగో రోజు పాలు పిండే వేళకు నలుగురు కొట్టంలోకి దూరారు. ఇద్దరు బాపును పేడలో బోర్లా పడేసి మోకాళ్లతో అదిమారు. ఒకడు కుడిచెయ్యి లాగి గడప రాయి మీద పెట్టాడు. ఇంకొకడు పాల క్యాన్ ఎత్తి వేళ్ల మీద గుద్దాడు. మళ్లీ గుద్దాడు. ఆ చప్పుడు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. తర్వాత ఎడమచెయ్యి. నేను ఒకడి చెవి కొరికాను, నోటినిండా నెత్తురు. వాడు నన్ను జుట్టు పట్టి గోడకేసి కొట్టాడు. బర్రెలు పలుపులు గుంజుకుంటూ అరిచాయి.

ఎడమ బొటనవేలు ఒక్కటి ముట్టలేదు. ఎందుకో నాకప్పుడు అర్థం కాలేదు.

ఆ పూట నుంచి పొదుగులు రాళ్లయ్యాయి. నేను కూర్చుంటే పక్కటెముకల మీద తన్నాయి. పిలిపించిన పాలోళ్లనూ తన్నాయి. తాగడానికి దూడలు కూడా లేవు. పాలు గడ్డకట్టి, చీమూ నెత్తురూ కారాయి. పదో రోజుకు రెండు చచ్చాయి, మిగతావి కోతకు పోయాయి. అప్పుడొచ్చాడు వాడి మనిషి, కాగితాలతో. బాపు కట్టులోంచి ఆ ఒక్క వేలు బయటికి లాగి, సిరా పూసి, ఒత్తించుకుపోయాడు.

ఇప్పుడు బాపుకు నేనే అన్నం తినిపిస్తాను. ముద్ద నములుతూ ఒక్కోసారి అడుగుతాడు.

"కాళ్లు ఇరగ్గొట్టొచ్చు, నెత్తి పలగ్గొట్టొచ్చు. చేతులే కొట్టాల్నని వాళ్లకెట్ల ఎరుకైంది బిడ్డా?"

నాలుక కోసుకోవాలనిపిస్తుంది. ఇంకో ముద్ద కలిపి బాపు నోట్లో పెడతాను.