దిమ్మకు గాలి తాకుతది

మా చిన్నతనపు వారాసిగూడ ఇంట్లో ఉన్నది ఒక్కటే ఫ్యాను... ఐసు దిమ్మ ఇంట్లో ఉన్నంతసేపూ దాన్ని వేయడం నిషిద్ధం.

మా నాయన పెళ్లిళ్లకూ ఐసు తురిమి రంగుపాకం పోసిచ్చే గోలా బండ్లకూ ఐసు సరఫరా చేసేవారు. మూలగదిలో వరి ఊక పరిచి, దానిపై దిమ్మను నిలిపి, గోనెపట్టాలు నాలుగు పొరలు కప్పేవారు. మే నెలలో మేమంతా చెమటతో తడిసిపోతుంటే, ఇంట్లో సుఖంగా నిద్రపోయేది అదొక్కటే...

"తలుపెయ్యి పిల్లా! దిమ్మకు గాలి తాకుతది!"

అమ్మ అరుపు ఇప్పటికీ నా చెవిలో ఉంది.

నాయన నాకు ఇంకొకటి కూడా నేర్పారు. ఏళ్ల తరబడి ఐసు పట్టుకోవడంతో ఆయన వేళ్లలో స్పర్శ పోయింది. అందుకే దిమ్మకు చెవి ఆనించి వినేవారు. లోపల చిటచిటమంటే పగులు పారుతోందని అర్థం. "సప్పుడైతే ఎనక్కి జరుగాలె బిడ్డా... ఐసు ఒక్కపారే చెప్తది" అనేవారు.

తరువాత నేను పగలు తార్నాకలో టైపు పని చేస్తూ, సాయంత్రం కళాశాలలో భౌతికశాస్త్రం చదివి, ముప్పై మూడో ఏట పట్టా పొందాను. అమ్మ అరుపులోని శాస్త్రం అక్కడే బోధపడింది. గాలి మన చెమటను ఆర్చి మనల్ని చల్లబరుస్తుంది. ఐసు మీదికి మాత్రం చుట్టుపక్కల వేడిని మోసుకొస్తుంది. ఈ మాట ఎవరి ముందైనా చెప్పగలను. మొన్న చెప్పాను కూడా.

డిసెంబరులో తార్నాక దగ్గరి యూనివర్సిటీ క్యాంపస్ మైదానంలో పెద్ద మంచు ఉత్సవం పెట్టారు. డెబ్బై ఆరేళ్ల నాయన ముచ్చటపడితే తీసుకెళ్లాను. మంచు పేరిట మా నెత్తిన కురిసింది సబ్బునురగ... కళ్లు మండాయి. అద్దెకిచ్చిన కోట్లు ముక్కిన వాసన కొట్టాయి. డేరా నడుమ మాత్రం రెండు నిలువుల ఎత్తున ఐసు చార్మినార్ నిలబెట్టారు. దాని చుట్టూ నాలుగు పెద్ద ఫ్యాన్లు, నాలుగూ దాని మీదికే తిప్పి ఉన్నాయి.

నాయన ముఖం మారిపోయింది. "గాలి వెట్టి సంపుతున్నరు బిడ్డా దీన్ని."

నీలం జాకెట్ వేసుకున్న నిర్వాహకుడి దగ్గరికి వెళ్లి, "సారూ, ఫ్యాన్లు బంద్ చెయ్యుండ్రి. గోనెపట్టలు కప్పుండ్రి" అన్నారు.

"తాతా, కూలింగ్ కోసమే పెట్టినం. లైన్ ఆగుతున్నది, నడువు."

నేను కల్పించుకుని కారణం వివరించాను. భౌతికశాస్త్రంలో పట్టభద్రురాలినని కూడా చెప్పాను. అతడు పక్కవాడిని చూసి నవ్వాడు. "మేడమ్, మా దగ్గర ఇంజనీర్లున్నరు. మీరు పోయి సెల్ఫీ దిగుండ్రి."

ఈలోగా నాయన కుడివైపు మినార్‌కు చెవి ఆనించారు. ఒక్క క్షణం... వెంటనే దాని ముందు రెండు చేతులూ చాపి నిలబడ్డారు. అక్కడే పిల్లలను వరుసగా నిలబెట్టి ఫొటోలు తీస్తున్నారు.

"పిల్లలను దూరం జరుపుండ్రి. ఇది వడ్తది!"

ఎవరు వింటారు? "అరే, ముసలాయన్ని తీయుండ్రి, ఫొటోకు అడ్డమొస్తున్నడు" అన్నది ఒకావిడ. "పొద్దున్నే ఏసినట్టున్నడు" అన్నాడు ఇంకొకడు. మా నాయన జీవితంలో కల్లు కూడా ముట్టలేదు. నేను కూడా వెళ్లి ఆయన పక్కన చేతులు చాపి నిలబడ్డాను. తిట్లు ఇద్దరం పంచుకున్నాం, పిల్లలను మాత్రం దగ్గరికి రానివ్వలేదు.

పది నిమిషాలు గడిచాయో లేదో, చిట్‌మన్నది. ఈసారి నాకూ వినిపించింది. నాయన నన్ను పక్కకు లాగారు. మినార్ విరిగి, పిల్లలు నిలబడాల్సిన చోట ముక్కలై పడింది... ఎవరికీ దెబ్బ తగలలేదు.

అప్పుడు మైకులో వచ్చిన ప్రకటన వినండి. "ఒక సందర్శకుడు ముట్టుకోవడం వల్ల నష్టం జరిగింది. దయచేసి ఎవరూ ముట్టుకోవద్దు."

అదే మైకులో క్షమాపణ చెప్పమని అడిగాను. నీలం జాకెట్ ఒక చీటీ చేతిలో పెట్టాడు. "తాతకు ఫ్రీ గోలా తినిపియ్యుండ్రి మేడమ్, లొల్లి ఎందుకు?"

చీటీని అతని బల్ల మీదే పెట్టి వచ్చేశాను. గేటు దాటేదాకా నాయన ముఖం ముడుచుకుని ఆ బల్ల వైపే తిరిగి తిరిగి చూశారు. ఆయన కోపం క్షమాపణ దొరకనందుకు కాదు, గోలా పోయినందుకు! తార్నాక చౌరస్తాలో కొనిచ్చాక, "నేను ముట్టలే బిడ్డా... చెవి వెట్టిన, అంతే" అన్నారు మెల్లగా.

మండే ఎండల్లో మా అమ్మ ఒక్క అరుపుతో దిమ్మను రెండు రోజులు కాపాడేది. ఇప్పుడు చలికాలంలో, అంతమంది ఇంజనీర్లుండి, ఒక్క పూట నిలపలేకపోయారు...

మీ ఇళ్లల్లో ఐసును ఎలా దాచేవారో రాయండి, నాయనకు చదివి వినిపిస్తాను. ఆ రోజు ఫొటోకు అడ్డమని ఆయన్ని తిట్టినవారు కూడా రాయవచ్చు.

మీ పిల్లలు బాగున్నారా?