సున్నా పెట్టి నోరు మూయించిన హెచ్చరిక

షిన్‌చూ నగరంలోని మా ఆఫీసులో తూ షియోచిన్ అక్కంటే అందరికీ హడలు. వయసు యాభై మూడు. ఆసుపత్రి యంత్రాలను నడిపే మూల ప్రోగ్రాముంటుందే, కెర్నెల్, దాన్ని శుభ్రం చేయడమే ఆవిడ పని. మేం రాసిన కోడ్‌ను యంత్రానికి అర్థమయ్యేలా మార్చే కంపైలర్, అనుమానం వచ్చినచోటల్లా ఒక హెచ్చరిక విసురుతుంది. మాకవి వేలల్లో వచ్చేవి. ఆ రొదలో అసలు తప్పు ఎవరికి వినబడుతుంది? అందుకే విడుదలకు ముందు ఒక్కటి కూడా మిగలకూడదని మేనేజరు గూ గారి ఆజ్ఞ.

ఆకుపచ్చ చిరుతిండి పొట్లం పెడితే యంత్రం మొరాయించదని మా ఊళ్లో నమ్మకం. మేమంతా సర్వర్ల మీద అదొకటి పెట్టి, బుద్ధిగా ఉండు తల్లీ అని దండం పెట్టుకునేవాళ్లం. అక్క మాత్రం ఒక్కో హెచ్చరికనూ కూర్చుని చదివేది.

"ఈ వేరియబుల్‌కి విలువే ఇవ్వలేదని అది మొత్తుకుంటుంటే, సున్నా పెట్టి నోరు మూయిస్తావేంటి వేయ్‌టింగ్? నీకు చదవడం రాదా, బద్ధకమా?" అని ఒకసారి అందరి ముందూ నన్ను దులిపేసింది. వేరియబుల్ అంటే విలువ దాచుకునే గడి. మా కోడ్‌లో అందులో సున్నా ఉంటే "అంతా బాగానే ఉంది" అని. ఏం జరిగిందో తెలియనిచోట అది పెట్టడం పచ్చి అబద్ధమే.

మార్చిలో ఒక కబురొచ్చింది. ఒక ఆసుపత్రిలో మా ఆక్సిజన్ యంత్రం సెన్సర్ పాడైనా అలారం మోగలేదట. పెదాలు నీలమవడం నర్సు చూసింది కాబట్టి దాని మీదున్న ముసలాయన బతికాడు. కిందటేడాది నుంచి ఆ అలారం కోడ్ చూస్తున్నది నేనే.

"నీదేగా?" అన్నారు గూ గారు. "నీ తప్పని తేలితే రేపట్నుంచి రానక్కర్లేదు."

పదిమంది ముందు అక్క గోడమీది తెరపై ఆ కోడ్ తెరిచింది. ఎంతోసేపు వెతకనవసరం లేకపోయింది. సెన్సర్ జవాబివ్వకపోతే విలువ చేరని వేరియబుల్. దానికి ముందే పెట్టిన సున్నా.

"ఎన్నిసార్లు చెప్పించుకుంటావ్?" గూ గారు నామీద విరుచుకుపడ్డారు.

"ఆగండి. ఎవరు రాశారో చూద్దాం," అంది అక్క.

ప్రతి వరుసకూ రాసినవాళ్ల పేరు, తేదీ, కారణం నమోదై ఉంటాయి. అక్క మీట నొక్కింది. పదకొండేళ్ల కిందటి తేదీ వచ్చింది. పేరు: తూ షియోచిన్. కారణం: హెచ్చరిక తొలగించాను.

ఇంకెవరి పేరున్నా నమ్మేవాళ్లం.

గూ గారు గొంతు తగ్గించారు. "పాత సంగతిలే అక్కా. నివేదికలో పేర్లెందుకు?"

"ఇందాక ఈ పిల్లనైతే ఇంటికి పంపేవారుగా! నా పేరే రాయండి. అప్పుడు సోమవారం విడుదల పెట్టుకుని, చదివే ఓపిక లేక సున్నా పెట్టేశాను."

సెన్సర్ పలకకపోతే లోపమని చెప్పి అలారం మోగించేలా అక్క ఆ వరుస మార్చింది. లేచి తన కుర్చీ నాకిచ్చింది.

"నువ్వు చదివి సరేనంటేనే ఆసుపత్రులకు పంపుదాం."

తప్పు నాది కాదని తేలగానే నాకు ప్రాణం లేచొచ్చింది. చెప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గేస్తుంది. ఆ వరుస రెండుసార్లు చదివాను. సరిగ్గానే ఉంది. అప్పుడు తట్టింది నాకు.

"అక్కా, అప్పట్లో ఇలాంటివి ఇంకేమైనా..."

"రెండువందల నలభై," అంది. "ఒక్కటీ చదవలేదు."