పదకొండో బెజ్జం

నా చేతి మీద మూడు బురుజులు లేచాయి. రెండు వంతెనలు, ఒక గంటగోపురం. చర్చి ఫాదరు దగ్గర నేర్చుకున్న నాలుగక్షరాలతోనే కొలతలు రాసుకున్నాను. ఏ గోడా ఈనాటికీ ఒరగలేదు. వాటన్నిటికీ సున్నం కలిపినవాడు ఓస్బెర్న్. ఇరవై రెండేళ్లు నా దగ్గర చేశాడు. వాడి గురించి రాసేవాళ్లెవరూ లేరు కనుక నేను రాస్తున్నాను.

సున్నం పాకం చూడడంలో వాడంతటివాడు లేడు. మిగతా పనిలో ఒళ్లు వంగేది కాదు. గోడ లేస్తున్నప్పుడు పరంజా దుంగల్ని గోడకి ఈ వైపునుంచి ఆ వైపుకి దూర్చి పెడతాం. పనయ్యాక లాగేస్తే బెజ్జాలు మిగులుతాయి. అందరూ వాటిలో చెత్తా చెదారం కూరి పైన సున్నం మెత్తుతారు. నేను చెక్కిన రాయి దిగ్గొట్టిస్తాను.

దొర బురుజు కింద నేలమాళిగ కట్టినప్పుడు వాడు నవ్వాడు. దానికి తలుపు లేదు. పైకప్పులో ఒక్క కంత. మనిషిని అందులోంచి తాడుతో దించడమే.

"మేస్త్రీ, చీకటికొట్టుకి ఇంత సింగారమేంటయ్యా? లోపలుండేవోడు మెచ్చుకుంటాడా?"

"నోరు మూసుకుని రాయి అందుకోరా."

రెండేళ్లు గడిచాయి. గింజలు దొర మరలోనే ఆడించాలని చాటింపు వేసి, ఇళ్లలో తిరగళ్లు పగలగొట్టడం మొదలెట్టారు. తన పెళ్లాం ఎమ్మెలిన్ తిరగలి పగలగొట్టినవాణ్ణి ఓస్బెర్న్ చేతిలోని పారతో కొట్టాడు. వాడికి కన్ను పోయింది. ఓస్బెర్న్‌ను తాడు కట్టి ఆ నేలమాళిగలోకే దించేశారు.

చలికాలంలో కంత అంచురాయి పగిలిందని నన్ను పిలిపించారు. కావలివాడు ఆపిల్ సారా తెచ్చుకోవడానికి వెళ్లగానే కిందికి వంగాను.

"ఓస్బెర్న్!"

"మేస్త్రీ! రొట్టె తెచ్చావా, చీవాట్లు తెచ్చావా?"

రొట్టె జారవిడిచాను. కాసేపు నమిలాడు.

"ఒకటి చెప్తా, తిట్టకు. ఈ కొట్టు కడుతుండగా మార్టిన్ పండక్కి నువ్వు కూతురింటికి పోయావు చూడు, అప్పుడు ఏటివైపు బెజ్జం, పదకొండోది, నేనే పూడ్చా. లోపలంతా చెత్తే! బెల్టు కొక్కెంతో గీకుతున్నా. అదొక్కటి ఊడితే పక్కరాళ్లూ కదులుతాయి. కదులుతాయి కదా?"

పండగనుంచి వచ్చినరోజే ఆ బెజ్జాన్ని సుత్తితో తట్టాను. డొల్ల పలికింది. వాడు సున్నపు బట్టీ దగ్గరుండగా చెత్తంతా లాగేసి, ఈ కొసనుంచి ఆ కొసదాకా రాయి దిగ్గొట్టాను. పదిమందిలో వాడి పరువెందుకు తీయాలని ఊరుకున్నాను.

"మేస్త్రీ, ఉన్నావా? అది డొల్లని నీకు తెలుసా?"

నలభై ఏళ్లలో నా గోడకు నేను వంక పెట్టి ఎరగను.

"తెలుసురా. తట్టి చూశా. డొల్లే. గీకు."

"చూశావా! నువ్వు తిట్టిన బద్ధకమే నన్ను బయటేస్తోంది" అని పకపకా నవ్వాడు.

బయట ఎమ్మెలిన్ ఎదురొచ్చింది. "ఏమన్నాడన్నా?"

"నవ్వుతున్నాడమ్మా."

ఈస్టరు ముందు ఉపవాసాలు మొదలయ్యేదాకా గీకుడు చప్పుడు వినిపించిందని కావలివాడు చెప్పాడు. ఓస్బెర్న్ శవాన్ని పైకి తీశాక, అడిగి నేనే కిందికి దిగాను. దివిటీ పెట్టి చూస్తే పదకొండో రాయి చుట్టూ సున్నం గోరంత లోతు పోయింది, అంతే. ఆ సున్నం కూడా వాడు కలిపిందే.