ముప్పై నిమిషాల స్టేషను

దేశమంతా తనకు తెలుసని రిమ్మా అర్కాద్యెవ్నా చెప్పుకునేది. చితా నుంచి మాస్కోకీ, మాస్కో నుంచి చితాకీ, ఒక్కో వైపు నాలుగున్నర రోజుల ప్రయాణం. అలా రైలుపెట్టె అటెండెంటుగా ముప్పై ఒక్క ఏళ్లు తిరిగిన మనిషి ఆ మాత్రం చెప్పుకోకపోతే ఎలా? పడుకున్నవాళ్లను స్టేషను రాకముందే లేపింది, తాగి అల్లరి చేసినవాళ్లను చెవి పట్టుకుని పై బెర్తు ఎక్కించింది, పెళ్లికూతుళ్లకు టీ ఇచ్చింది, వాళ్ల పిల్లలు సైన్యానికి వెళుతుంటే వాళ్లకూ టీ ఇచ్చింది.

ఒక ప్రాంతానికీ ఇంకో ప్రాంతానికీ తేడా ఆమెకు నీళ్లతో తెలిసేది. పెట్టె చివర నీళ్లు కాచే బాయిలరు ఉంటుంది. ట్యాంకులో ఏ స్టేషను నీళ్లు నింపితే టీకి ఆ స్టేషను రుచే వస్తుంది. ఉరల్ కొండల దగ్గర టీకి కాస్త ఇనుము వాసన. వ్యాత్కా దాటాక మెత్తదనం. బైకాల్ సరస్సు పక్కన స్ల్యుద్యాంకాలో నింపితే మాత్రం గ్లాసు అడుగున చెంచా కూడా స్పష్టంగా కనబడుతుంది. ఇక బరాబా మైదానంలో నీళ్లంటే అటెండెంట్లందరికీ హడలే. ఉప్పదనం, పైన తెట్టు. బరాబిన్స్క్‌లో బండి ముప్పై నిమిషాలు ఆగినా రిమ్మా ఏనాడూ అక్కడ నీళ్లు పట్టలేదు.

ఒకసారి ఒక ప్రయాణికురాలు, స్కూలు టీచరట, ముచ్చటపడి అడిగింది. "మీరు ఇంత దేశం చూశారు కదండీ, సైబీరియా ఎలా ఉంటుంది?"

"క్రస్నోయార్స్క్‌లో ఇరవై రెండు నిమిషాలు. మరియిన్స్క్‌లో పాతిక. బరాబిన్స్క్‌లో ముప్పై. అక్కడ చేపలు కొనుక్కోండి."

టీచరు నవ్వింది. రిమ్మా నవ్వలేదు. ఆ ప్రశ్నకు తన దగ్గర అంతకంటే జవాబు లేదని ఆ పూట మొదటిసారి అనిపించింది. ఆ స్టేషన్లలో ఒక్కదాని గేటైనా దాటి బయట కాలు పెట్టింది లేదు.

బరాబిన్స్క్ ప్లాట్‌ఫాం మీద మాత్రం ఆమెకు ఒక నేస్తం ఉంది. పేరు తాయా. పొగబెట్టిన చేపలను బకెట్టులో పెట్టుకుని, మీద తడిగుడ్డ కప్పుకుని, వేళ్లు కత్తిరించిన ఎర్ర చేతితొడుగులతో ఐదో నంబరు పెట్టె దగ్గర నిలబడేది. రిమ్మా కొత్తగా ఉద్యోగంలో చేరిన చలికాలం ఒకరోజు తాయా వణుకుతుంటే జాలిపడి ఫ్లాస్కులో టీ పోసి ఇచ్చింది. తాయా రెండు గుక్కలు తాగి ఆగిపోయింది.

"ఒసేయ్, ఇది ఎక్కడి నీళ్లే?"

"స్ల్యుద్యాంకావి."

"నెలనెలా తెస్తావా? చేప ఊరికే ఇస్తాను."

అలా మొదలైంది. మాస్కో వైపు వెళ్లే ప్రతి ట్రిప్పుకూ రిమ్మా స్ల్యుద్యాంకాలో విడిగా ఒక క్యాను నింపి, బరాబిన్స్క్ వచ్చేసరికి టీ కాచి ఫ్లాస్కులో ఉంచేది. తాయా ఫ్లాస్కు తీసుకుని, నెల కిందటి ఖాళీది చేతిలో పెట్టి, చేప చుట్టిన కాగితం అందించేది. ఆ ముప్పై నిమిషాల్లో తిట్లు, నవ్వులు, మోకాళ్ల నొప్పులు, పక్క అమ్మకందార్ల మీద చాడీలు. నిజం చెప్పాలంటే బద్ధకించి, క్యాను ఖాళీగా వదిలేసి, దారిలో తర్వాత వచ్చే ఇలాన్‌స్కయాలో పట్టిన నీళ్లతోనే కానిచ్చేసిన సందర్భాలు కూడా ఉన్నాయి. బైకాల్ నీళ్లేనని మొహం చూసి అబద్ధం చెప్పింది. ఆ సంగతి తనకూ దేవుడికీ తప్ప ఇంకెవరికీ తెలియదని రిమ్మా నమ్మకం.

రిమ్మా రిటైరయ్యే ఏడు జూన్‌లో తాయా రాలేదు. జూలైలో రాలేదు. ఆగస్టు, సెప్టెంబరుల్లో కూడా ఫ్లాస్కు చేతిలోనే ఉండిపోయింది; వచ్చే నెల వస్తుందిలే అనుకుని ఎవరినీ అడగలేదు. సెప్టెంబరు ట్రిప్పే రిమ్మాకు ఆఖరుది. చితాలో పూలగుత్తి, కేకు ఇచ్చి, చప్పట్లు కొట్టి ఇంటికి పంపించారు. ఒంటిగది ఇంట్లో కిటికీ ముందు కూర్చుంటే బయట చెట్టు కదలదు, ఇల్లు కదలదు. ఆ మనిషి ఉందో పోయిందో తెలియకుండా ఈ కుర్చీలో ఎలా కూర్చోను అని రోజూ అదే బాధ. ఇంటిపేరు తెలియదు, వీధి తెలియదు, ఫోన్ నంబరు లేదు. ముప్పై ఒక్క ఏళ్ల స్నేహంలో తెలిసిందల్లా ఎర్ర చేతితొడుగులు.

అక్టోబరులో టికెట్టు కొనుక్కుని బయలుదేరింది. స్ల్యుద్యాంకాలో దిగి ఐదు లీటర్ల క్యాను నింపుకుంది, ఈసారి నిజంగానే. ముక్కూ మొహం తెలియని ఊళ్లో రాత్రి ఉండడం ఎందుకని తిరుగు టికెట్టు కూడా అదే రోజుకు తీసుకుంది. టికెట్టు మీద పద్దెనిమిది నలభై అని ఉంది. దేశంలో ఏ మూలైనా రైళ్లు మాస్కో గడియారం ప్రకారమే నడిచేవి, రైల్వేలో బతికినవాళ్లకు గంటలంటే మాస్కో గంటలే. బరాబిన్స్క్ గడియారం మాస్కో కంటే నాలుగు గంటలు ముందు కాబట్టి ఇక్కడి లెక్కన రాత్రి పది నలభై. కావలసినంత సమయం ఉంది అనుకుంది.

ప్లాట్‌ఫాం మీద చేపలమ్మే లీదాను పట్టుకుంది.

"తాయా ఎక్కడుంటుందమ్మా?"

"ఏ తాయా? మా ఊళ్లో రాయి విసిరితే తాయాకే తగులుతుంది."

"ఎర్ర తొడుగులు. ఐదో పెట్టె."

"ఆ, తాయా రొగోవా! వంతెన మెట్ల మీద బకెట్టుతో సహా జారిపడింది కదా. తుంటి విరిగింది. పట్టాల వెంబడి పో, నీలం గేటు."

బతికే ఉంది. రిమ్మా అక్కడే నిలబడి కళ్లు తుడుచుకుంది. లీదా ఆమె క్యాను వైపు వింతగా చూసింది.

నీలం గేటు తోస్తే, కర్ర పట్టుకుని చేపలకు పొగబెట్టే గూటి దగ్గర నిలబడి ఉంది తాయా.

"బండి పోతుందే పిచ్చిదానా! ఇక్కడేం చేస్తున్నావ్?" అని అరిచింది తాయా, రిమ్మాను చూడగానే.

"ఇంక నాకు బండి లేదే. పెన్షన్."

ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని ఏడ్చారు. తర్వాత కర్ర ఎక్కడ పడిందో వెతుక్కోవలసి వచ్చింది.

లోపల, కిటికీ పక్క మంచం మీద ఒక పెద్దాయన పడుకుని ఉన్నాడు. కుడి చెయ్యి దుప్పటి మీద కదలకుండా ఉంది. మంచం ఎదురుగా గోడ గడియారం. దాని మీద ఏడున్నర. మాస్కో గంటలే పెట్టుకున్నారు, రైల్వే ఇల్లు.

"మా ఆయన, మకార్ సావిచ్. రైలుపెట్టెల్లో నీళ్లు నింపేవాడు. పక్షవాతం వచ్చి పన్నెండేళ్లయింది."

"నీకు మొగుడున్నాడని ఒక్కసారైనా చెప్పలేదేమే?"

"ముప్పై నిమిషాల్లో చేపలమ్ముకోనా, మొగుడి కథ చెప్పుకోనా? నువ్వైనా ఎప్పుడు అడిగావు?"

నిజమే. అడగలేదు.

"ఈవిడేనా టీ అమ్మాయి?" అన్నాడు మకార్. మాట నెమ్మదిగా వచ్చింది. "నేను స్ల్యుద్యాంకాలో పుట్టానమ్మా. దీని వెనకాల పడి ఇక్కడికొచ్చాను. మీ టీ అంతా తాగింది నేనే. ఇది తొలిరోజు తాగిన రెండు గుక్కలు తప్ప చుక్క ముట్టలేదు."

 ముప్పై ఒక్క ఏళ్లుగా రిమ్మా టీ కాచింది ఈ ఇంటికి, ఈ మనిషికి. ఇలాన్‌స్కయా నీళ్లు గుర్తొచ్చి మొహం మండిపోయింది. క్యాను విప్పి, కుండలో కాచి, గ్లాసు ఆయన ఎడమ చేతికి అందించింది. ఆయన కళ్లు మూసుకుని తాగాడు.

"ఇది స్ల్యుద్యాంకాది. నిజంగానే."

"నిజంగానే అంటే?" అంది తాయా.

"నువ్వు పోయి చేపలు చూడు, మాడిపోతున్నాయి," అన్నాడు మకార్. ఆమె వెళ్లాక గొంతు తగ్గించాడు. "మూడుసార్లు ఇలాన్‌స్కయా నీళ్లు తాగించావు అమ్మాయ్. ఒకసారి నేను నడిచే రోజుల్లో, రెండుసార్లు మంచం పట్టాక."

"మకార్ సావిచ్ గారూ..."

"దానికి చెప్పలేదులే. ఫ్లాస్కు చల్లారిపోతుందని రొమ్ముకు అదుముకుని పరుగెత్తుకొచ్చేది. అలాంటిదానికి ఏమని చెప్పను?"

రిమ్మా ఆయన కదలని చెయ్యి పట్టుకుని ఏడ్చింది. క్షమించమని అడగనిచ్చాడు కాదు. క్రస్నోయార్స్క్ దగ్గర ఇప్పుడు నది ఎలా ఉందో చెప్పమన్నాడు. దాని మీద పొగమంచు లేస్తోందా, ఉరల్ నీళ్లకు ఇంకా ఆ ఇనుము వాసన ఉందా, వ్యాత్కాలో బొమ్మలు అమ్ముతున్నారా. ఆమె చెబుతూ పోయింది. తాయా చేపల చారు తెచ్చింది, రొట్టె కోసింది, ముగ్గురూ తిన్నారు. ఎవరికీ తొందర లేని కబుర్లు. మధ్యమధ్య రిమ్మా అలవాటు కొద్దీ గడియారం వైపు తిరిగేది. "పద్దెనిమిది నలభైకి కదా బండి, చాలా టైముంది," అని మళ్లీ కూర్చునేది. మకార్ దుప్పటి సర్దుకునేవాడు.

గోడ మీద మాస్కో గంటల్లో రెండు నలభై అయింది. బయట చీకటి పడుతోంది. పట్టాల మీద నుంచి పొడుగ్గా ఒక కూత వినిపించి, పెట్టెలు కదిలిన చప్పుడు కిటికీ దాకా వచ్చింది.

"అదేం బండి?" అంది రిమ్మా.

"చితా బండి," అన్నాడు మకార్.

"అదెలా? చితా బండి పద్దెనిమిది..." అని ఆగిపోయింది. టికెట్టు తీసి చూసింది. కింద సన్నని అక్షరాల్లో స్థానిక సమయం అని ఉంది, అంటే మాస్కో లెక్కన రెండు నలభై, ఇప్పుడే. ఆగస్టు నుంచి టికెట్ల మీద ఏ ఊరికి ఆ ఊరి గంటలే వేస్తున్నారు. ఆఖరి రెండు ట్రిప్పుల్లో పెట్టెలో ప్రతి ముసలమ్మకూ గొంతు పోయేలా చెప్పింది తనే. తాయా నోటి మీద చెయ్యి పెట్టుకుంది.

"ముప్పై ఒక్క ఏళ్లు బండిలో ఉండి బండి పోగొట్టుకున్నావా!" అని నవ్వుతూ కుర్చీలో కూలబడింది.

రిమ్మా మాత్రం మకార్ వైపు చూస్తోంది. ఈ మంచం మీద నుంచి ప్రతి కూతా విని ఏ బండో చెప్పే మనిషి.

"మీకు తెలుసు కదా?"

"తెలుసు."

"పొద్దుటి నుంచీ?"

"పద్దెనిమిది నలభై అన్నావే, అప్పటి నుంచీ." ఆయన తాయా వైపు చూశాడు. "అది నీ పక్కన కూర్చుని తినడం నేనెప్పుడూ చూడలేదు. ఇంకో పూట చూద్దామనిపించింది. మూడు అబద్ధాలకు ఒక అబద్ధం. చెల్లుకి చెల్లు."

తర్వాతి బండి మర్నాటికి గానీ లేదు. రిమ్మా లేచి కుండ తీసుకుంది. క్యాను ఖాళీ. పెరటి బావి దగ్గరికి వెళ్లి బకెట్టు దించింది. బరాబా నీళ్లతో టీ కాచి మూడు గ్లాసుల్లో పోసింది. పైన సన్నగా తెట్టు కట్టింది. నాలుక మీద ఉప్పదనం తగిలింది. తాయా రోజూ తాగేది ఈ నీళ్లే. రిమ్మా గ్లాసు ఖాళీ చేసి రెండోసారి పోసుకుంది.