రెండో టవలు

ఇదొక మహాగాథ. ఇందులో జీపులున్నాయి, పగలున్నాయి, ప్రాణాలకు తెగించిన ఒక స్త్రీ ఉంది. ఇంతవరకు రాసి చదువుకుంటే నాకే సిగ్గేసింది. నిజానికి ఇది బస్సులో సీటు పట్టుకోవడం గురించి. మొన్న ప్రొద్దుటూరు బస్టాండులో నిలబడి ఉంటే, ఎవరో బస్సు కిటికీలోకి విసిరిన టవలు గురి తప్పి నా ముఖానికి చుట్టుకుంది. సరిగా ఆరని బట్ట వాసన, చౌక సబ్బు వాసన, కాస్త చెమట. ఆ వాసనకు జ్ఞానసుందరమ్మ మేడం గుర్తొచ్చారు. ఈ మాట వింటే ఆమె నన్ను బెంచీ ఎక్కించేవారు.

నా తొలి ఉద్యోగం పులివెందులలో, సోషల్ మాస్టరుగా. ఆమె మా హెడ్మిస్ట్రెస్. ఇద్దరం జమ్మలమడుగు నుంచి రోజూ బస్సులో వెళ్ళి వచ్చేవాళ్ళం. ఎదుటివాడిది ఏ పార్టీయో తేల్చుకోకుండా మంచినీళ్ళు కూడా తాగని రోజులవి. టీ అంగళ్ళు కూడా పార్టీలవారీగా ఉండేవి. నేను రెండింటిలోనూ తాగేవాణ్ణి, రెండుచోట్లా నన్ను అనుమానంగానే చూసేవాళ్ళు. నాకు ఎక్కడా కుదురుండేది కాదు. బదిలీ కోసం దరఖాస్తులు రాస్తూ, బస్సు ఆగిన ప్రతిచోటా గడియారం చూస్తూ, మోకాలు ఆడిస్తూ ఉండేవాణ్ణి. "ఆ మోకాలికి దినానికి ఎన్ని లీటర్లు పోస్తాండావప్పా?" అనేవారు మేడం.

ఆమె పొట్టి మనిషి, చెయ్యి కిటికీకి అందదు. కాబట్టి టవళ్ళు విసిరే పని నాది. మొదటిరోజే రెండు చేతికిచ్చారు. ముగ్గురు కూర్చునే సీటులో ఒకటి మా ఇద్దరికి, ఇంకొకటి మూడో చోటుకి. "ఎవరన్నా వస్తున్నారా మేడం?" అంటే "వస్తారు" అన్నారు. "ఎవరు?" అన్నాను. "నాకేం తెలుసప్పా, ఇంకా రాలేదు గదా." బస్సు కదిలేదాకా ఆ చోటు ఎవరికీ ఇచ్చేవారు కాదు. ఆ లోపల పడే తిట్లన్నీ నా వాటా. కదిలాక, నిలబడ్డవాళ్ళలో ఎవరి కాళ్ళు ఎక్కువ నొస్తున్నాయో కనిపెట్టి పిలిచేవారు: శనగకాయల మూటతో ఒక ముసలామె, ఒకసారి మేకపిల్లతో సహా ఒక తాత. వాళ్ళు కూర్చోగానే మేడం ముఖం కిటికీ వైపు తిప్పుకునేవారు. దండాలు తప్పించుకోవడానికనుకున్నాను. అద్దంలో చూస్తే నవ్వుకుంటున్నారు, గోళీలాటలో గెలిచిన పిల్లలాగా. నేను మర్యాదకని ఆ తాతను పేరడిగాను. బస్సు దిగాక నాకు క్లాసు పడింది.

"పేరడగొద్దప్పా. పేరడిగితే ఊరు తెలుస్తాది. ఊరు తెలిస్తే పార్టీ తెలుస్తాది. పార్టీ తెలిసినాక సీటియ్యాలంటే నాకు మనసు రాదు. నేనేం అంత మంచిదాన్ని కాదు."

ఒక సాయంత్రం పరీక్ష పేపర్ల కట్టతో పులివెందులలో బస్సెక్కాం. బస్సు కదులుతుండగా నీలం చొక్కా వేసుకున్న ముప్పై ఏళ్ళ మనిషి పరుగెత్తి ఎక్కాడు. అతన్ని చూడగానే ఖాళీ ఉన్న సీట్లలోవాళ్ళు కాళ్ళు బారజాపుకున్నారు. ఎవరో గొంతు తగ్గించి ఒక ఊరి పేరు చెప్పారు. ఆ ఊళ్ళో ఆ నెల జరిగిన గొడవ అందరికీ తెలుసు. మేడం చెయ్యి ఊపారు. "ఇట్ల రాప్పా, ఈడ కూసో." అతను సీటు అంచున కూర్చుని, ఎవరూ అడక్కముందే, "నా ఇంటామె జమ్మలమడుగు ఆస్పత్రిలో ఉంది మేడం. కాన్పు కష్టంగా ఉందంట, రక్తమియ్యాల రమ్మన్నారు. మాది..." అన్నాడు. "ఊరు చెప్పొద్దప్పా. టికెట్టు తీసుకో" అన్నారామె.

ముద్దనూరు రాకముందే రోడ్డుకు అడ్డంగా ఒక జీపు కనిపించింది. బస్సు ఆగింది. "నాకోసమే మేడం. దిగిపోతా, మీకెందుకు" అని అతను లేవబోయాడు. ఇక్కడ నేనేదో చేశానని రాయాలని ఉంది. నేను మోకాలు ఆపాను, అంతే. మేడం అతని భుజం పట్టి కూర్చోబెట్టారు. నీలం చొక్కా కనపడకుండా టవలు కప్పారు. పేపర్ల కట్ట ఒళ్ళో పెట్టి ఎర్రపెన్ను చేతికిచ్చారు. తర్వాత నా ముక్కు మీది కళ్ళద్దాలు లాగి అతనికి పెట్టారు. నా జీవితంలో జరిగిన ఒకే ఒక్క మహాఘట్టాన్ని నేను మసకమసకగా చూశాను. వచ్చినవాళ్ళు ఇద్దరో ముగ్గురో నన్నడగొద్దు.

"నీలం చొక్కా మనిషి, ఒక్కడే, ఎవరన్నా ఎక్కినాడా?" అంది ఒక గొంతు. వాళ్ళకు మనిషి తెలియదు, గుర్తులే తెలుసన్నమాట. బస్సులో ఎవరూ పలకలేదు. కాళ్ళు బారజాపినవాళ్ళు కూడా. ఒక ఆకారం మా సీటు దగ్గర ఆగింది. "ఈయనెవరు మేడం?"

"మా సోషల్ సారు. సారూ, మీరు దిద్దండి, ఇంకా శానా ఉండాయి."

"మరి ఈయన?"

సోషల్ సారు ఉద్యోగం అప్పటికే పోయింది కాబట్టి, నేనెవరో నేనూ ఆసక్తిగా విన్నాను. "ఆయప్పకు కండ్లు కనపడవు" అన్నారు మేడం. అబద్ధమేమీ కాదు. "అయ్యో పాపం" అన్నాడా మనిషి. కింద పడ్డ నా సంచి తీసి, నా చెయ్యి వెతికి పట్టుకుని అందించాడు. "చూసుకోని దిగు సామీ" అని వాళ్ళు దిగి వెళ్ళిపోయారు. ఒకణ్ణి చంపడానికి వచ్చిన చెయ్యి వెచ్చగానే ఉంది. ఆ వెచ్చదనాన్ని ఏం చేసుకోవాలో నాకిప్పటికీ తెలియదు.

జమ్మలమడుగులో బస్సు పూర్తిగా ఆగకముందే అతను దూకి ఆస్పత్రి వైపు పరుగెత్తాడు, నా అద్దాలతో సహా. "పేరన్నా అడిగుంటే బాగుండేది మేడం" అన్నాను. ఆమె కిటికీ వైపు తిరిగారు. నవ్వుతున్నారని మసకలో కూడా తెలిసింది. నాకూ నవ్వొచ్చింది, ఇంటికి చేరేదాకా ఆగలేదు. బదిలీ, గడియారం, ఏవీ గుర్తుకు రాని సాయంత్రం నాకదొక్కటే. అతను దిద్దిన ఏడు పేపర్లకూ నూటికి నూరు పడ్డాయి, ఒకటి తెల్లకాగితం. నా అద్దాల్లోంచి అతనికీ ఏమీ కనిపించి ఉండదు. మేడం ఆ మార్కులు మార్చనివ్వలేదు.

ఎనిమిది రోజులు మేడం చెయ్యి పట్టుకుని బస్సెక్కాను. ఆ కాన్పు ఏమైందో తెలియక రాత్రిళ్ళు కూడా మోకాలు ఆడింది. తొమ్మిదో రోజు కండక్టరు ఒక పొట్లం ఇచ్చాడు. అందులో తుడిచిన నా అద్దాలు, గుప్పెడు కలకండ. "ఆడపిల్లంట. ఇద్దరూ బాగుండారంట" అన్నాడు. "ఎవరిచ్చినారు మామా?" అన్నాను. అతను మేడం వైపు చూసి, "పేరడగలేదు సారూ" అన్నాడు.

మేడం ఇప్పుడు లేరు. ప్రొద్దుటూరులో నా ముఖం మీద పడ్డ టవలును గురిచూసి కిటికీలోకి విసిరాను. తర్వాత నా బస్సు రాగానే, సంచిలోంచి నావి రెండూ తీసి విసిరాను. రెండోదాని చోట ఎవరు కూర్చుంటారో తెలియక, బస్సు కదిలేదాకా మోకాలు ఆడుతూనే ఉంది.

ఇది ఆర్డినరీ బస్సుల్లోనే కుదురుతుంది. ఏసీ బస్సుల కిటికీలు తెరుచుకోవు.