పగటిపూట తాళం వేసిన సరాయి

1948 చలికాలం. నిజాం రాజ్యం మీద పోలీసు యాక్షన్ అయి రెండు మూడు నెలలు గడిచినయి. పాలమూరులో స్టేషన్ తొవ్వల ఉన్న పాత సరాయిలో షెల్టర్ పెట్టాలని ఊరి పెద్దలు కమిటీ వేసుకున్నరు. షెల్టర్ అంటే ఇల్లూ వాకిలీ పోయినోళ్లు తలదాచుకునే జాగా. దేవరకొండ దిక్కు నుంచి ఇండ్లు కాలిపోయిన రైతులు, కొల్లాపూర్ దిక్కు నుంచి భయానికి ఊరిడిచిన ముస్లిం కుటుంబాలు, అందరూ రోడ్డు మీదనే ఉండిరి. ఆడవాళ్ల పేర్లు రాయడానికి ఆడమనిషి కావాల్సి వచ్చింది. నేను బడి మొహం చూడలేదు. తెలుగు, ఉర్దూ రెండూ మా నాయిన మగ్గం పక్కన కూసోబెట్టి నేర్పిండు. ఆయన పుణ్యాన నాకు వార్డెన్ పని దొరికింది. పేర్లు రాసి, జాగా చూపి, తాళంచెవి దగ్గర పెట్టుకునే మనిషిని వార్డెన్ అంటరు.

ఏ అర్రలో ఎవరుండాలె, పొయ్యి ఎక్కడ పెట్టాలె, అదంత చూసింది కమిటీ పెద్ద కిష్టయ్య పంతులు. నియమాలు మాత్రం నేనే రాసిన. సరాయి అంటే బాటసారులు పొద్దుగూకంగ వస్తరు, తెల్లారంగ పోతరు. నాకు తెలిసిన పద్ధతి అదే, అదే రాసిన. పొద్దున అందరూ బయటికి పోవాలె, ఊడ్చి గేటుకు తాళం వేస్తం, దీపాల వేళకు మళ్లీ తీస్తం. హాజరీ సాయంత్రం లోపలికి వచ్చేటప్పుడే. బయటికి పోయేటోళ్లను లెక్కపెట్టాలని నాకు తోచలేదు.

షెల్టర్ తెరిచిన పన్నెండో రోజు మధ్యాహ్నం బియ్యం బండి వచ్చిందంటే పోయి తాళం తీసిన. బస్తాలు వేయించనీకె కట్టెల అర్ర తలుపు నూకితే లోపల ఏదో కదిలింది.

"ఎవరది?"

"నేనే అక్కా, జైనబ్‌ను. జర మెల్లగ మాట్లాడు."

కట్టెమోపుల వెనక ముడుచుకొని కూసుంది. ఏడో నెల కడుపు. పెదవులు పగిలి నెత్తురు పేరుకుంది. చెంబుతో నీళ్లిస్తే ఒక్క గుటక మింగి చెంబు పక్కకు పెట్టింది.

"మొత్తం తాగమ్మా."

"వద్దక్కా. తాగితే దొడ్డికి పోవాలె. అది గోడ అవతలుంది. బురఖా అత్తమ్మ మీదుంది."

ఊరిడిచేటప్పుడు అత్తాకోడండ్లు రాత్రిపూట ఒక్క బురఖాతో బయల్దేరిండ్రు, తొవ్వల అది కోడలే తొడుక్కుంది. ఆ పిల్ల పెండ్లయినంక ముసుగు లేకుండ వాకిలి దాటింది లేదు. రోజూ పొద్దున అత్త హలీమా బీ ఆ బురఖా తొడుక్కొని నిజాం ఫౌజుల జవానుగ పోయిన కొడుకు జాడ అడగనీకె, రెండు రొట్టెలు సంపాదించనీకె పోయేది. కోడలు కట్టెల్లకు దూరేది, మాపటికి హాజరీ గుంపుల కలిసేది. నేను బయటి నుంచి తాళం వేసేదాన్ని. పన్నెండు రోజులు.

సాయంత్రం ముసలామె రాంగనే సిగ్గు దాచుకోలేక నేనే కోపం చేసిన. "చెప్పరాదా అమ్మా? కడుపుల బిడ్డకేమన్న అయితే?"

"చెప్తే ఎల్లగొడ్తవనుకున్న. నీ కానూన్ గోడకు నువ్వే అంటించినవు గద, రెండు భాషలల్ల, ముత్యాలసొంటి రాతతోని." బోసినోటితో నవ్వింది. "ఒక మాటడుగుత బిడ్డా. మీ ఇంట్ల కోడండ్లు పొద్దంత యాడుంటరు?"

"ఇంట్లనే."

"మా కోడలు గూడ గట్లనే."

తెల్లారి పంతులు దగ్గరికి పోయిన. అంత విని ఆయన నుదురు రుద్దుకున్నడు.

"పొద్దంత తెరిచిపెడితే పనికెవరు పోతరమ్మా? కూసోబెట్టి మేపుతున్నవని ఊరోళ్లు నన్ను పీక్క తింటరు."

"పనికి పోయేటోళ్లు పోతనే ఉన్నరు పంతులూ. పోలేనోళ్లే కట్టెల్లకు పోయిండ్రు."

"కావలోడు ఒక్కడే. వాడు పగలు పండుకుంటడు."

"నేను కూసుంట."

"మరి నీ ఇల్లు?"

"మా అత్త ఉంది. నన్ను తిట్టుకుంట వండుతది."

ఆయన నవ్విండు గని నవ్వు నిలవలేదు. "రాత్రి ఒక్కటే కష్టమనుకున్నం ఇద్దరం. తీసెయ్ తాళం" అన్నడు.

తీసిన. పంతులు చెప్పినట్లే ఊరోళ్లు అన్నరు, మా అత్త అన్నది, ఇద్దరు మగోళ్లు పొద్దంత పచ్చీసు ఆడుకుంట పడున్నరు. పొద్దటి నుంచి మాపటిదాక ఆ గేటు కాడ కూసొని నా కాళ్లు వాచినయి. దేవుని ముందు దీపం పెట్టనీకె గూడ ఓపిక లేక చేతులు జోడించి పండుకున్న రోజులున్నయి.

మూడు వారాలకు, మిట్ట మధ్యాహ్నం, జైనబ్‌కు ముందుగాల్నే నొప్పులు మొదలైనయి. అత్త బురఖా తొడుక్కొని ఎటో పోయింది. దేవరకొండ దిక్కు నుంచి వచ్చిన లక్ష్మమ్మ జ్వరంతో ఒక మూల పండుకొని ఉండె. ఆమె ఇల్లు రజాకార్లు కాల్చిండ్రు, జైనబ్‌తో ఒక్కనాడు మాట్లాడలేదు. మూలుగు విని లేచింది. "చూసుకుంట నిలవడ్డవేందే? నీళ్లు కాయపో" అని నన్ను కసిరి, రెండు చీరెలు అడ్డం కట్టి, ఆమెనే పురుడు పోసింది. ఆడపిల్ల. ఏడ్వనీకె జర ఆలస్యం చేసింది. తాళం వేసి ఉంటే ఏమయ్యేదో అనుకుంట, అంతసేపు నా కండ్లు తెరిచిన గేటు మీదనే ఉన్నయి.

జైనబ్ పెనిమిటి రాలేదు. ఆ బిడ్డ బతికింది. పన్నెండో రోజు పగలు బియ్యం బండిని పంపిన దేవునికి, కసిరిన లక్ష్మమ్మకు ఇప్పటికీ దండం పెట్టుకుంట.

తర్వాత ఇంకో రెండు షెల్టర్లల్ల పనిచేసిన. ఎవరొచ్చినా పేరు కంటె ముందు, "పొద్దున యాడికి పోతవమ్మా?" అని అడుగుడు నేర్చుకున్న. చానామంది "యాడికీ లేదక్కా" అంటరు. అట్లాంటోళ్లకు చాప పరిచి, చెంబెడు నీళ్లు పెట్టి, మొత్తం తాగేదాక పక్కన కూసుంట.