ఉట్నూర్ డార్మెటరీలో రాజయ్య

కుంటాల జలపాతం చూద్దామని ఆగస్టులో ఒక ఉదయం ఏడింటికి కరీంనగర్‌లో బస్సెక్కాను. మంచిర్యాలలో మారి, జన్నారం అడవి దాటి ఉట్నూర్ చేరేసరికి మధ్యాహ్నం రెండయింది. వాన విడవలేదు. ముందు వాగు రోడ్డెక్కిందని బస్సులు ఆపేశారు. బస్టాండు ఎదురుగా డార్మెటరీలో మంచం తీసుకున్నాను. వెళ్లేవాళ్లు దుప్పటి వెంట ఉంచుకోండి, అక్కడిచ్చేది చాలదు.

గదిలో అప్పటికే ఇద్దరున్నారు. భైంసాలో పరుపులమ్మే యూసుఫ్ భాయ్ నా పరుపు నొక్కి చూసి, "గిది పత్తి కాదు సార్, పాపం! జర నా మాటిని కింద పండుండ్రి" అన్నాడు. తన పరుపును అప్పటికే గోడకు నిలబెట్టేశాడు. రెండో మనిషి రాజయ్య, బొగ్గుబాయిలో, అంటే గనిలో, పనిచేసి రిటైరైనవాడు. గొడుగు కర్రతో గది కప్పంతా తట్టి, ఆ చప్పుడు శ్రద్ధగా విని, "మంచిగనే ఉన్నది" అనుకున్నాకే మంచమెక్కాడు. నాకు నవ్వాగలేదు. యూసుఫ్ భాయ్ మాత్రం, "నా దిక్కు గూడ కొట్టి చూడు కాకా" అన్నాడు.

సాయంత్రం జొన్నరొట్టెలు తింటుంటే రాజయ్య తానెందుకొచ్చాడో చెప్పాడు. ఆయనతో జతగా పనిచేసే లింగన్న బాయిలో కప్పు కూలి చనిపోయాడు. పక్కనే ఉన్న రాజయ్య బతికాడు. లింగన్న భార్య భీమక్క ఇక్కడికి దగ్గర్లోనే పుట్టింట్లో ఉంటోంది.

"ఒక్కసారి రమ్మని ఎన్నోసార్లు కబురంపింది. ఏ మొఖం పెట్టుకొని పోవాలె? నువ్వెట్ల బతికినవంటే ఏం చెప్పాలె?"

తెల్లారి వాన తెరిపిచ్చింది. చూస్తే రాజయ్య వెనక్కి పోదామని మంచిర్యాల బస్సు దగ్గర నిలబడి ఉన్నాడు. యూసుఫ్ భాయ్ ఆయన సంచి లాక్కుని, భీమక్క ఊరి వైపు పోయే జీపులో పెట్టాడు.

"ఫికర్ జెయ్యకు కాకా. మేం గూడ వస్తం."

నేనూ ఎక్కాను.

భీమక్క వాకిలి ఊడుస్తోంది. రాజయ్యను చూసి చీపురు వదిలేసింది. "చెల్లె, నేను బతికిన" అన్నాడాయన.

ఆమె చెయ్యి పట్టి కూర్చోబెట్టింది. "గదే మంచిగైంది అన్నా. ఆయన ఆఖరికి ఏమన్నడో చెప్పేటోనివి నువ్వొక్కనివే. ఏమన్నడు?"

రాజయ్య తల దించుకునే చెప్పాడు. "నీ చేపల పులుసు ముచ్చట. ఉప్పెక్కువైందట. గా మాటంటే ఏడుస్తదని అనలే అన్నడు. నవ్వుకుంటనే అన్నడు చెల్లె."

"ఎక్కువనే ఏసిన" అంది భీమక్క. "ఏమనకుంట తిన్నడు." నవ్వుతూనే ఏడ్చింది.

రాజయ్యను రెండు రోజులుండి పొమ్మంది. మేమిద్దరం పదకొండింటికి ఉట్నూర్ తిరిగొచ్చాం. వాగు తగ్గి బస్సులు మొదలయ్యాయి. యూసుఫ్ భాయ్ భైంసా పోతాడనుకున్నాను.

"ఆదిలాబాద్‌ల మా తమ్ముడుంటడు సార్. మాటల్లేవు మాకు" అని ఆ బస్సెక్కాడు.

నేను జలపాతం సంగతి వదిలేసి కరీంనగర్ దారి పట్టాను. అడవి తడిసి పచ్చగా ఉంది.